బోరు బండి చెట్టు కింద ఆగితే: ఊరి ఆర్థిక స్థితిని చెప్పే వింత గుర్తులు

అనంతపురం జిల్లాలో రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో బోరు బండి రోజుల తరబడి కదలకుండా ఉందంటే, దాని యజమానికి బేరాలు లేవని అర్థం. ఊరికి మాత్రం అది చల్లని కబురే. వాన పడింది, పాత బోర్లలో నీళ్లున్నాయి, కొత్త బోరు కోసం అప్పు చేయాల్సిన గతి ఎవరికీ పట్టలేదు. అదే బండి రాత్రింబవళ్లు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తిరుగుతూ, తమిళనాడు తిరుచెంగోడు నుంచి మరికొన్ని బండ్లు కూడా వచ్చి చేరుతుంటే, భూమి లోపల నీరు అడుగంటుతోందన్నమాట.

ఇక్కడొక చిక్కు ఉంది. రైతు బోరు వేయించినప్పుడు చెల్లించే డబ్బు, కేసింగ్ పైపులు, డీజిలు, మోటారు బాపతు ఖర్చు అంతా ఆర్థిక కార్యకలాపమే. దేశ ఉత్పత్తి విలువను కొలిచే జీడీపీ లెక్కలో అది కూడికగానే చేరుతుంది. నీళ్లు పడ్డాయా లేదా అని జీడీపీ అడగదు. అంటే బోరు బండి బాగా తిరిగిన ఏడాది లెక్కల పుస్తకంలో ఒక గడి పెరుగుతుంది, ఊళ్లో గుండె బరువూ పెరుగుతుంది. పెద్ద అంకెకు కనిపించనిది చిన్న గుర్తుకు కనిపిస్తుందని చెప్పే వారి వాదన అంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. అయితే చిన్న గుర్తు కూడా మోసం చేస్తుంది. ఎప్పుడు, ఎలా అన్నదే ఈ వ్యాసం.

అసలు లెక్కలు ఉండగా గుర్తులతో పనేమిటి

జీడీపీ అంటే ఒక నిర్ణీత కాలంలో దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువ. మన దేశంలో మూడు నెలలకోసారి లెక్క వేస్తారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఏం జరిగిందో ఆగస్టు చివరికి తెలుస్తుంది. అది కూడా తొలి అంచనాయే, తర్వాత సవరణలు ఉంటాయి. జిల్లాల స్థాయిలో ఇలాంటి లెక్కను రాష్ట్ర అర్థగణాంక శాఖ ఏడాదికోసారి వేస్తుంది. ఖరీఫ్ ఎలా సాగుతోందో జులైలో తెలుసుకోవాలనుకునే కిరాణా వ్యాపారికి ఈ అంకెలు పెళ్లయిపోయాక అందిన శుభలేఖ లాంటివి.

ఆలస్యం ఒక్కటే కాదు. చిన్న దుకాణాలు, తోపుడు బండ్లు, ఇంట్లో మగ్గాలు, రోజు కూలీ వంటి అసంఘటిత రంగాన్ని మూడు నెలలకోసారి నేరుగా కొలవడం కష్టం. ఏళ్ల తరబడి చాలా వరకు పెద్ద సంస్థల తీరును బట్టే అంచనా కట్టారు. ఉద్యోగాల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. వారం వారీ కొలతలో, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని చేసినవారు ఉపాధి ఉన్నవారి కిందకే వస్తారు. ధర్మవరంలో వారానికి రెండు రోజులే మగ్గం ఆడిన నేతకార్మికుడు నిరుద్యోగి కాడు. ఈ నిర్వచనం అంతర్జాతీయంగా ఒప్పుకున్నదే, అందులో కుట్ర ఏమీ లేదు. పని ఉందా లేదా అని అది చెబుతుంది, పని చాలుతోందా అన్నది చెప్పదు.

అందుకే ఆర్థికవేత్తలు పక్క దారులు వెతుకుతారు. వారి భాషలో సూచికలు మూడు రకాలు: రాబోయేదాన్ని ముందే పసిగట్టేవి, ప్రస్తుతంతో పాటు నడిచేవి, జరిగిపోయాక తెలిసేవి. మన వైపు లెక్కలో చెప్పాలంటే, జూన్‌లో ఎరువుల దుకాణదారు అరువు ఇస్తున్నాడా లేదా అన్నది మొదటి రకం. పొద్దున్నే పని కోసం గుమిగూడే అడ్డా మీద ఎంతమంది కూలీలు మిగిలారన్నది రెండోది. పత్రికలో వచ్చే తాకట్టు నగల వేలం ప్రకటన మూడోది. అది ఏడాది కిందటి కష్టాన్ని ఇవాళ చెబుతుంది.

లిప్‌స్టిక్, లోదుస్తులు, గౌను పొడవు

ఈ రకం గుర్తుల్లో పేరు మోసినవి అమెరికా నుంచి వచ్చాయి. 2001లో అక్కడ ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడు తమ లిప్‌స్టిక్ అమ్మకాలు పెరిగాయని సౌందర్య సాధనాల సంస్థ ఎస్టీ లాడర్ అధిపతి లెనార్డ్ లాడర్ చెప్పాడు. ఖరీదైన సరదాలు మానుకున్నవారు చిన్న సరదాతో సరిపెట్టుకుంటారన్నది దాని వెనక తర్కం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న అలన్ గ్రీన్‌స్పాన్ మగవారి లోదుస్తుల అమ్మకాలను గమనించేవాడని చెబుతారు. బయటికి కనబడవు కాబట్టి చేతిలో డబ్బు ఆడనప్పుడు మగవాడు ముందుగా వాయిదా వేసేది వాటినేనట. చిల్లులు పడ్డ బనియన్‌తో మరో ఏడాది నెట్టుకొచ్చే మన నాన్నలను చూస్తే ఇది అమెరికా కనిపెట్టిన సంగతి అనిపించదు. ఆడవారి గౌన్ల పొడవుకూ షేర్ల ధరలకూ ముడిపెట్టే సిద్ధాంతం ఒకటి 1920ల నుంచి తిరుగుతోంది గానీ దానికి గట్టి రుజువు లేదు. లిప్‌స్టిక్ సూత్రం కూడా 2020లో మాస్కుల దెబ్బకు తలకిందులైంది. పెదవులు కనబడనప్పుడు రంగెవరికి కావాలి?

వాటిని అక్కడ వదిలేద్దాం. మన నేల మీద ఇంతకన్నా పాతది, గంభీరమైనది ఒకటి ఉంది.

ధాత కరువు తర్వాత రాసిపెట్టిన గుర్తులు

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని తుడిచిపెట్టిన కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను దారుణంగా దెబ్బతీసింది. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం, 1882లో విడివడి జిల్లా అయింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఇటువైపు వారు దాన్ని ధాత కరువు అంటారు. ఆ తర్వాత ఆంగ్ల ప్రభుత్వం ఒక కమిషన్ వేసి, 1880లో నివేదిక తీసుకుని, కరువు నియమావళులు తయారు చేయించింది. కరువును ముందుగా ఎలా గుర్తించాలో జిల్లా అధికారులకు చెప్పే గుర్తుల జాబితా వాటిలో ఉంది.

ఆ జాబితా చదివితే ఇది ప్రభుత్వ పత్రమా, రచ్చబండ మీద పెద్దమనిషి మాటా అనిపిస్తుంది. ధాన్యం వ్యాపారంలో ఉన్నట్టుండి హడావిడి పెరగడం. అప్పు పుట్టకపోవడం. దానధర్మాలు తగ్గి బిచ్చగాళ్లు ఊళ్లు పట్టుకు తిరగడం. నేరాలు ఎక్కువ కావడం. మేత కోసం మందలు అలవాటు లేని దారుల్లో కదలడం. మనుషులు అకారణంగా సంచరించడం. పంట దిగుబడి లెక్క తేలేదాకా ఆగితే శవాల లెక్క తప్పదని ధాత కరువు నేర్పింది. అందుకే దిగుబడికంటే ముందు కదిలేవాటిని చూడమన్నారు.

వీటిలో "అప్పు పుట్టకపోవడం" నేటికీ పదునైన గుర్తే. అప్పు పెరగడం చెడుకు సంకేతమని మనం తేలిగ్గా అనేసుకుంటాం. ఇచ్చేవాడు తిరిగి వస్తుందని నమ్మినప్పుడే ఇస్తాడు కదా. కిరాణా కొట్టులో "అరువు రేపు" అన్న బోర్డు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏళ్లుగా పద్దు రాస్తున్న దుకాణదారు తెలిసిన మొహానికి కూడా ఆ బోర్డు చూపించిన రోజే అసలు వార్త.

ఐదు రూపాయల బిస్కెట్ చెప్పిన జోస్యం

2019 ఆగస్టులో బిస్కెట్ల కంపెనీలు గగ్గోలు పెట్టాయి. గిరాకీ ఇలాగే పడిపోతే పదివేల మంది వరకు ఉద్యోగాలు పోవచ్చని పార్లే సంస్థ అంది. ఐదు రూపాయల ప్యాకెట్ కొనడానికి కూడా జనం రెండుసార్లు ఆలోచిస్తున్నారని బ్రిటానియా అధిపతి వ్యాఖ్యానించాడు. ఆ నెల 30న జీడీపీ అంకె వచ్చింది: ఏప్రిల్-జూన్ వృద్ధి 5 శాతం, ఆరేళ్లకు పైగా ఎన్నడూ చూడనంత తక్కువ. ఆ అంకెను తర్వాత సవరించారు గానీ మందగమనం నిజమే. బిస్కెట్ ముందే చెప్పింది.

బిస్కెట్‌కు మార్కులు వేసే ముందు ఒక్క సంగతి. కంపెనీలు బిస్కెట్లపై ఉన్న 18 శాతం జీఎస్టీ తగ్గించమని అడుగుతున్న సమయం కూడా అదే. ఏడుపు నిజమే కావచ్చు, కానీ ఏడ్చేవారికి ఒక కోరిక ఉంది. గుర్తును ఎవరు చూపిస్తున్నారన్నది కూడా గుర్తులో భాగమే.

బిస్కెట్ ప్యాకెట్ చెప్పే రెండో విషయం ధరల గురించి. పది రూపాయలకు 80 గ్రాములు వచ్చే ప్యాకెట్ 70 గ్రాములకు తగ్గిందనుకుందాం. ధర అక్షరాలా అదే. వంద గ్రాముల లెక్కన చూస్తే 12.50 నుంచి 14.29 రూపాయలకు ఎగబాకింది, అంటే 14 శాతానికి పైగా పెరుగుదల. ధరల సూచీ తయారుచేసేవారు పరిమాణాన్ని కూడా చూస్తారు కాబట్టి వారిని మోసం చేయడం కష్టం. మోసపోయేది మనమే.

పన్ను తగ్గినప్పుడు ఇదే లెక్క ఇంకోలా తిరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఐదు రూపాయల ప్యాకెట్లో పన్ను తీసేస్తే అసలు ధర సుమారు 4.24. దానికి 5 శాతం కలిపితే 4.45. నాలుగు రూపాయల నలభై ఐదు పైసలకు బిస్కెట్లు అమ్మే దుకాణం ఎక్కడుంది? అందుకే ధర అలాగే ఉంచి బరువు పెంచే దారి ఉంది. మొత్తం లాభం కొనేవారికే చేరాలంటే బరువు సుమారు 12 శాతం పెరగాలి. ప్యాకెట్ మీద గ్రాములు చదివే అలవాటు ఉన్నవారికే అది చేరిందో లేదో తెలుస్తుంది.

తాకట్టు నగ: కష్టమా, పెట్టుబడా

రాయలసీమలో బంగారం కేవలం నగ కాదు, బీరువాలో పడుకుని ఉండే బ్యాంకు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వీధుల్లో రద్దీ చూసి పెళ్లిళ్ల సీజన్ అంచనా వేసేవారున్నారు. తాకట్టు కౌంటర్ల ముందు రద్దీ చూసి కరువును అంచనా వేసేవారూ ఉన్నారు. రెండో పని చేసేటప్పుడు జాగ్రత్త కావాలి.

బంగారు రుణాలు పెరిగాయన్న వార్త రాగానే "జనం నగలు కుదువ పెట్టుకునే స్థితికి వచ్చారు" అన్న వ్యాఖ్య వెంటనే వస్తుంది. ఒక లెక్క చూడండి. ఒక కుటుంబం దగ్గర 40 గ్రాముల బంగారం ఉంది. గ్రాము 6,000 రూపాయలు ఉన్నప్పుడు, విలువలో 75 శాతం అప్పు ఇస్తే 1,80,000 వస్తుంది. గ్రాము 10,000 అయినప్పుడు అదే నగ మీద 3,00,000 వస్తుంది. ఒక్క గ్రాము అదనంగా తాకట్టులోకి వెళ్లలేదు, ఒక్క కుటుంబం అదనంగా బ్యాంకు మెట్లెక్కలేదు. అయినా రుణాల మొత్తం 66 శాతానికి పైగా పెరిగిపోయింది. రూపాయలు చూసేవారికి అది సంక్షోభంలా కనబడుతుంది. గ్రాములు, ఖాతాల సంఖ్య చూసేవారికి ఏమీ జరగలేదు.

ఇంకో మెలిక వడ్డీలో ఉంది. పంట రుణం కింద బంగారం పెట్టి తీసుకునే అప్పు, సకాలంలో కడితే, మార్కెట్లో దొరికే అతి చౌక అప్పుల్లో ఒకటి. బయట నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ నడిచేచోట, నగను ఇంట్లో ఉంచుకుని చేబదులు తేవడం తెలివితక్కువ. కాబట్టి తాకట్టు పెట్టేవాడు కష్టంలో ఉన్నాడని కాదు, లెక్క తెలిసినవాడు కూడా కావచ్చు.

మరి కష్టాన్ని ఎలా పట్టుకోవాలి? నెల చూడాలి. వేరుశనగ వేసే జూన్, జులైలో నగ లోపలికి వెళ్లి, పంట అమ్మాక బయటికి వస్తే అది సాగు చక్రం. ఏటా జరిగేదే. దాన్ని తీసివేసి మిగిలినదాన్ని చూడటాన్నే గణాంకవేత్తలు రుతు సవరణ అంటారు. పంట ఇంటికి రావాల్సిన నెలల్లో కూడా నగలు లోపలికే వెళ్తుంటే అప్పుడు ఆలోచించాలి. అన్నింటికన్నా గట్టి గుర్తు వేలం ప్రకటనలు. తాళి గొలుసు వేలానికి పోనిచ్చేవారు అంత తేలిగ్గా ఉండరు. ఇందులోనూ మళ్లీ బంగారం ధర అడ్డొస్తుంది. ధర ఎగబాకే కాలంలో పాత అప్పును తిరగరాయించుకుని నగ కాపాడుకోవచ్చు. 2013 ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్లో జరిగినట్టు ధర ఒక్కసారిగా కూలితే, నగ విలువ అప్పుకు చాలక, ఊళ్లో వానలు బాగా పడినా వేలాలు పెరగవచ్చు.

సుగ్గి బండి ఎక్కేది ఎవరు

కర్నూలు పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు, పని కోసం ఊరు విడిచి వెళ్లడాన్ని సుగ్గికి పోవడం అంటారు. పక్కనున్న కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, పండగ కాలం. తమ చేలో కోత లేనివారు పరాయి జిల్లా కోతకు పోవడానికి ఆ మాటే మిగలడం భాష చేసిన వేళాకోళం. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే తరలిపోతాయి. అనంతపురం, కదిరి నుంచి బెంగళూరు బస్సులు నిండుతాయి.

వలసను కష్టానికి గుర్తుగా చూడటం ఒక పద్ధతి. అక్కడి కూలి ఎక్కువ కాబట్టి మంచి ఏడాదిలో కూడా వెళ్తారు, అది వారి ఎంపిక అనేది రెండో వాదన. రెండింటికీ ఆధారాలున్నాయి. గుంటూరులో మిరప బాగా పండి కూలి రేటు పెరిగితే ఇక్కడ వాన పడినా బండ్లు నిండుతాయి. అందుకే ఎంతమంది వెళ్లారన్న దానికంటే ఎవరు వెళ్లారన్నది ఎక్కువ చెబుతుంది. ఇంట్లో ఒక కుర్రాడు బెంగళూరు వెళ్తే అది ఉద్యోగం వేట కావచ్చు. ముసలివాళ్లను వదిలేసి, బడి పిల్లలను వెంటబెట్టుకుని, ఇంటికి తాళం వేసి వెళ్తే, అందులోనూ మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని వెళ్తే, అది వేరు. ఆ రెండో రకానికి కొలబద్ద రైల్వే స్టేషన్‌లో కన్నా ఊరి బడి హాజరు పట్టీలో బాగా దొరుకుతుంది.

అడ్డా మీద మిగిలినవారు

పట్టణాల్లో తెల్లవారుజామున కూలీలు గుమిగూడే కూడలి మరో కొలబద్ద. ఆరు గంటలకు వందమంది ఉండి, తొమ్మిదింటికి పదిమంది మిగిలితే ఊళ్లో కట్టడాలు జోరుగా సాగుతున్నట్టు. అరవైమంది మిగిలితే ఎక్కడో ఏదో ఆగింది. గంటకు ఒకసారి తలలు లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు, ఏ సర్వే అవసరం లేదు.

కానీ 2019 రెండో సగంలో ఆంధ్రప్రదేశ్ అంతటా అడ్డాలు నిండే ఉన్నాయి. ఇసుక విధానం మారి, వరదలు తోడై, ఇసుక దొరకలేదు. ఇల్లు కట్టేవాడి దగ్గర డబ్బుంది, మేస్త్రీ ఉన్నాడు, సిమెంటు ఉంది, ఇసుక లేదు. ఆ నెలల్లో అడ్డాను మాత్రమే చూసినవారు గిరాకీ పడిపోయిందనుకుని ఉంటారు. ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు దీనికి తిరగబడిన ఉదాహరణ కనిపిస్తుంది. అక్కడ కొత్త ఇళ్ల పునాదులు చాలాసార్లు స్థానిక వానతో కన్నా కువైట్ దినారుతో ముడిపడి ఉంటాయి.

పని అడగడం గుర్తా, కాదా

జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అడిగినవారికి పని ఇవ్వాలని దాని చట్టం చెప్పింది కాబట్టి, పని అడిగినవారి సంఖ్య గ్రామీణ కష్టానికి కొలబద్ద అని చాలామంది ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి చూశారు. ఎర్రటి ఎండలో మట్టి తవ్వే పనికి వేరే దారి ఉన్నవారు రారు కదా అన్నది వారి తర్కం.

2024 జులై నాటి కేంద్ర ఆర్థిక సర్వే దీన్ని ఒప్పుకోలేదు. దేశంలోని పేదల్లో ఒక శాతం కూడా లేని తమిళనాడుకు పథకం నిధుల్లో దాదాపు 15 శాతం వెళ్లాయని చూపించి, నిధుల వాడకం పేదరికాన్ని కాక పాలనా సామర్థ్యాన్ని చెబుతోందని వాదించింది. అవతలి పక్షం జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. కూలి డబ్బు నెలల తరబడి రాకపోతే జనం అడగడమే మానేస్తారు, కొన్నిచోట్ల పని ఉన్నప్పుడే అర్జీ నమోదు చేస్తారు. అప్పుడు తక్కువ అంకె తక్కువ కష్టానికి రుజువు కాదు. నాకు తోచేదేమిటంటే, రాష్ట్రానికీ రాష్ట్రానికీ పోల్చడానికి ఈ అంకె పనికిరాదు. ఒకే మండలంలో కిందటి మే నెలకూ ఈ మే నెలకూ పోల్చడానికి కొంత పనికొస్తుంది.

అసలు గుర్తులే కానివి

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేటకు జనం దిగుతారు. పని లేక వచ్చారని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. వాన మట్టిని కడిగితేనే రాయి మెరుస్తుంది కాబట్టి వచ్చారు, అంతే. ఆషాఢంలో ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉన్నాయని, మూఢంలో శుభలేఖల అచ్చు ఆగిందని మాంద్యం ఊహించడం కూడా ఇలాంటిదే.

కరెంటు వాడకం మాత్రం ఇంకా తమాషా. ప్రపంచమంతటా విద్యుత్ వాడకం పెరిగితే ఆర్థిక వ్యవస్థ బాగుందంటారు. ఉపగ్రహాలకు రాత్రి కనిపించే దీపాల వెలుగుతో దేశాల వృద్ధిని అంచనా వేసే పరిశోధనలు కూడా ఉన్నాయి. బోర్ల మీద బతికే మెట్ట జిల్లాలో వాన ముఖం చాటేస్తే మోటార్లు ఇంకా ఎక్కువ సేపు ఆడతాయి. వ్యవసాయ కరెంటు వాడకం పెరిగిందంటే ఇక్కడ ముందు ఆకాశం వైపు చూడాలి.

సంతలో రెండు ధరలు కలిపి చూస్తే

ఒంటరి గుర్తు మోసం చేసేచోట రెండు గుర్తుల నిష్పత్తి కొంత నయం. పశువుల సంతనే తీసుకోండి. ఊహకు, మామూలు ఏడాదిలో ఎడ్ల జత 80,000, ట్రాక్టరు లోడు వేరుశనగ కట్టె 8,000 అనుకుందాం. ఒక జతకు పది లోడ్ల మేత. వాన లేని ఏడాదిలో మేత 12,500కు ఎగబాకి, మేపలేక అందరూ ఒకేసారి సంతకు తోలడంతో జత ధర 50,000కు పడితే, జతకు నాలుగు లోడ్లే. ఎద్దుల ధర ఒక్కటే తగ్గితే ట్రాక్టర్లు పెరిగాయనుకోవచ్చు. మేత ధర ఒక్కటే పెరిగితే పాడి పెరిగిందనుకోవచ్చు. రెండూ ఎదురెదురుగా కదిలితే వేరే వివరణ దొరకడం కష్టం. పైగా రూపాయి విలువ ఎంత పడిపోయినా ఈ నిష్పత్తికి అంటదు, పదేళ్ల కిందటి దానితోనూ పోల్చుకోవచ్చు.

ఎడ్లు తగ్గిపోయిన ఊళ్లలో ఇదే లెక్క గొర్రెలతో వేయవచ్చు. కాకపోతే పొట్టేళ్ల ధర సగానికి పడిపోయిందని సంత నుంచి వచ్చిన వారెవరైనా చెబితే, కరువని రాసుకునే ముందు ఒక ప్రశ్న అడగాలి: బక్రీద్ అయి ఎన్ని రోజులైంది?